1971 ఎంజీబీ: ఆరడుగుల రెండంగుళాల మనిషికి సీటు దించేదెట్టా?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మా మేనమామ కారు మా ఇంటికి చేరింది. 1971 ఎంజీబీ, బ్రిటిష్ వాళ్ల రెండు సీట్ల స్పోర్ట్సు కారు, గుడ్డ టాపు దించుకునే రకం, 1798 సీసీ ఇంజను. రిజిస్ట్రేషన్ ఇంకా మామూలుదే. చెన్నైలో ఆయన షెడ్డులో చాన్నాళ్లు పట్టా కప్పుకుని ఉండిపోయింది. ఇంజను పనీ బ్రేకుల పనీ అక్కడే చేయించి తెచ్చాం. ఇప్పుడు నా బాధంతా సీటుతోనే.

నా ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. కూర్చుంటే ముందద్దం పైనుండే స్టీలు ఫ్రేము సరిగ్గా కళ్లకు అడ్డం వస్తోంది. రోడ్డు చూడాలంటే మెడ వంచాలి, సిగ్నల్ చూడాలంటే మెడ సాచాలి. వీఆర్సీ సెంటర్లో పచ్చ లైటు పడిందని వెనకోళ్లు హారన్ కొడితేనే నాకు తెలుస్తోంది. టాపు వేస్తే తల గుడ్డకు ఆనుతోంది. స్టీరింగు కింది అంచు తొడకు తగిలి క్లచ్ తొక్కడం కూడా తంటాగా ఉంది.

దీనికి తోడు ఈమధ్యే సీట్లు కొత్తగా కుట్టించాం. షాపాయన మనమీద ప్రేమతో ఫోమ్ దట్టంగా కూరాడు. ముందే ఇరుకు, ఇప్పుడు ఇంకాస్త పైకి లేచాను.

ఇంకో చిక్కు ఏందంటే మా నాన్న 5 అడుగుల 4 అంగుళాలు. మైపాడు బీచికి పోయేటప్పుడు బండి ఆయన చేతిలోనే ఉండాలి. నాకు దిగాలి, ఆయనకు దిగకూడదు.

ఒక మేస్త్రీ సీటు కింద ఫ్లోరు కోసేసి, రెండంగుళాలు లోతుగా కొత్త రేకు తొట్టి వెల్డింగ్ చేస్తానంటున్నాడు. చేయించొచ్చా?

చీమకుర్తిరాయి (చీమకుర్తి)

కోయించొద్దు. మిగతాది పెద్దోళ్లు చెప్తారు. ముందు ఫొటోలు పెట్టన్నా.

కావలికార్బ్ (కావలి)

ఆ మేస్త్రీకి ఒక టీ ఇప్పించి పంపించేయండి. పాత జీపుకి ఫ్లోరు మార్చినట్టు దీనికీ చేద్దామనుకుంటున్నాడేమో. ఎంజీబీకి విడిగా చాసిస్, అంటే అడుగున బరువు మోసే ఇనుప చట్రం, లేదు. ఫ్లోరు రేకు, పక్కన తలుపుల కిందుండే సిల్స్, రెండు సీట్ల మధ్య పొడుగునా పోయే గట్టు (టన్నెల్), సీట్ల కింద అడ్డంగా పోయే బీము, ఇవన్నీ కలిపి వెల్డింగ్ అయి ఉండటమే బండికి బలం. పైన గట్టి టాపు కూడా లేని కారు కాబట్టి బరువంతా కిందే మోయాలి. అక్కడ కోసి పెడితే కొన్నాళ్లకు తలుపులు సరిగా పడవు, సందులు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ అవుతాయి. దానికి తోడు మన సముద్రపు గాలి. కొత్త వెల్డింగ్ అంచుల్లోంచే తుప్పు మొదలవుతుంది.

అసలు కోయాల్సిన పని కూడా లేదు. సీటు కింద అది ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు, రన్నర్లు ఉన్నాయి కదా, వాటికీ ఫ్లోరుకీ మధ్య సన్న చెక్క పట్టీలు ఉంటాయి. కార్పెట్ పక్కకు తీసి టార్చి వేసి చూడండి. కంపెనీ పెట్టినవే అవి. వాటి మందం ఎంతుందో అంత ఎత్తు మీకు ఊరికే మిగులుతుంది. పొడుగు వాళ్లు ముందు ముట్టుకోవాల్సింది వాటినే. కొందరు పాత ఓనర్లు ముందే పీకేసి ఉంటారు, లేకపోతే వాళ్లకు తోచిన మందంతో కొత్తవి కొట్టించి ఉంటారు. కాబట్టి కొలిచి చెప్పండి.

హెరాల్డ్‌తాత (ఒంగోలు)

నాయనా, సీటు సంగతి తర్వాత, ముందు నిన్ను నువ్వు కొలుచుకో. ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు అంటే నాకేమీ అర్థం కాదు. కొందరికి కాళ్లు పొడుగు, కొందరికి నడుము పైభాగం పొడుగు. నేల మీద గోడకు ఆనుకుని కూర్చో, నెత్తిన అట్టపుస్తకం పెట్టి గోడ మీద గీత గీయించు. నేల నుంచి ఆ గీతదాకా ఎంతో, కంటిదాకా ఎంతో రాసుకో. కాళ్లు పొడుగైతే సీటు వెనక్కి జరపాలి, స్టీరింగు సంగతి చూడాలి. మొండెం పొడుగైతే సీటు దించాలి, వీపు వాల్చాలి. రెండూ కలిపి ఒకే మందు వేస్తే ఏదీ కుదరదు.

నా దగ్గరున్నది స్టాండర్డ్ హెరాల్డ్, మద్రాసులో తయారైన బండి. దానికి విడిగా చాసిస్ ఉంది కనుక ఫ్లోరుతో ఆడుకున్నా బండి నిలబడుతుంది. ఇంగ్లండులో అదే చాసిస్‌ను కురచ చేసి స్పిట్‌ఫైర్ అని స్పోర్ట్సు కారు కట్టారు. నీ బండి ఆ జాతి కాదు, కావలి ఆయన మాట విను.

పెన్నాగట్టు (నెల్లూరు)

తాతగారూ, కొలిచాం. అమ్మ గీత గీసింది. నేల నుంచి నెత్తికి 38 అంగుళాలు, కంటికి 33న్నర. మా బావమరిది కూడా నా ఎత్తే, వాడికి 36 వచ్చింది. వాడిని కార్లో కూర్చోబెడితే ఫ్రేము కింద నుంచే రోడ్డు కనిపిస్తోందంటాడు, కానీ మోకాళ్లు డాష్‌బోర్డుకి తగులుతున్నాయి. నాది మొండెం రోగమే అన్నమాట.

కావలి అన్నా, చెక్క పట్టీలు ఉన్నాయి. పైనుంచి చూస్తే నాలుగు చోట్లా ఇంచుమించు ఒకే మందం, స్కేలు పెడితే ముప్పావు అంగుళం కంటే కొంచెం తక్కువ.

స్పానర్‌సెట్ (సింగరాయకొండ)

ఇంత తలనొప్పి ఎందుకు బాసూ? ఆ సీటు పక్కన పడేసి ఏదైనా హ్యాచ్‌బ్యాక్ సీటు పాతది తెచ్చి బిగించెయ్. ఒంగోల్లో కర్నూలు రోడ్డు వైపు పాత సామాన్ల షాపుల్లో కావాల్సినన్ని దొరుకుతాయి.

కావలికార్బ్ (కావలి)

స్పానర్ బ్రదర్, టేపు పట్టుకుని చూశారా ఎప్పుడైనా? ఇప్పటి కార్ల సీట్లు ఎత్తుగా కూర్చోవడానికి చేసినవి. కింద ఇనుప ఫ్రేమే చాలా ఎత్తుంటుంది, ఆపైన కుషన్. టన్నెల్‌కీ తలుపుకీ మధ్య వెడల్పు కూడా చాలదు. బయటి దేశాల్లో ఎంజీబీ వాళ్లు మాజ్డా ఎంఎక్స్-5 సీట్లు వేసుకుంటారు, అది కూడా రెండు సీట్ల బుల్లి కారు కాబట్టి సరిపోతాయి. వాటికీ రన్నర్లు కోసి మార్చాలి. మన దగ్గర ఆ కారే అమ్మలేదు, సీట్లు ఎక్కడ తెస్తారు?

నిర్వాహకుడు

ఫ్లోరు కోత గురించి ఒక మాట. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ బండ్లకు విడిగా రిజిస్ట్రేషన్ పెట్టారు. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ షెల్, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత బండ్లకే అది ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, మళ్లీ చేయించాలంటే 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. బాడీ షెల్ కోసి తొట్టి వేశాక ఆ దరఖాస్తు పెడితే ఇన్‌స్పెక్షన్‌లో ఏమంటారో మీరే ఊహించుకోండి. సీటు ఫోమ్, చెక్క పట్టీలు ఆ లెక్కలోకి రావు.

ఇంకో సంగతి, ఆ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని రోజువారీగా తిప్పకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేర్లు, ఇలాంటి వాటికే రోడ్డెక్కాలి.

పెన్నాగట్టు (నెల్లూరు)

మైపాడు బీచి ప్రదర్శన కిందికి వస్తుందా సార్? నాన్న అడగమంటున్నాడు.

నిర్వాహకుడు

రాదు. అయితే మీ బండి ఇంకా మామూలు రిజిస్ట్రేషన్ మీదే ఉందన్నారు కదా, అది చెల్లుబాటులో ఉన్నన్నాళ్లూ మీ నాన్నగారికి ఇబ్బంది లేదు.

కావలికార్బ్ (కావలి)

సరే, ఇక పనిలోకి దిగుదాం. సీటును పూర్తిగా వెనక్కి జరిపితే ముందు బోల్టులు కనిపిస్తాయి, ముందుకు జరిపితే వెనకవి. ముందు రోజు రాత్రే కింద నుంచి తుప్పు వదిలే నూనె కొట్టి పెట్టండి. నట్లు ఫ్లోరుకే అతికి ఉంటాయి, బలవంతం చేస్తే నట్టు ఊడి బోల్టుతో పాటే తిరుగుతుంది, ఇక అదో పెద్ద భాగోతం.

బోల్టుల విషయంలో జాగ్రత్త. ఈ బండి మరలు అంగుళాల కొలత, యూఎన్ఎఫ్ అనే సన్న మర రకం. మన షాపుల్లో దొరికే 8 ఎంఎం బోల్టుకీ 5/16 అంగుళం బోల్టుకీ కంటికి తేడా తెలియదు, 5/16 అంటే 7.94 మిల్లీమీటర్లు మరి. ఒక చుట్టు ఎక్కుతుంది కూడా, ఆ తర్వాత బిగిస్తే లోపలి మర పాడవుతుంది. పాత బోల్టు జేబులో వేసుకుని పోయి దానికి జోడీ అడగండి.

పట్టీలు తీసేశాక అదే బోల్టు వాడితే కిందికి అంత పొడుగు పొడుచుకొస్తుంది. ఫ్లోరు కింద ఆ చుట్టుపక్కలే బ్రేకు పైపు, పెట్రోలు పైపు, వెనకనుంచి వచ్చే బ్యాటరీ కేబులు ఉంటాయి. ఎంజీబీకి సీట్ల వెనక ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు పెట్టేవాళ్లు, మీ బండికి అవే ఉన్నాయో ఎవరైనా ఒకే 12 వోల్టులది పెట్టారో చూడండి. మందం ఎంత తగ్గించారో అంత కురచ బోల్టు వేయాలి.

ఇప్పుడు అసలు కిటుకు. నాలుగు పట్టీలూ తీసేయొద్దు. వెనకవి పూర్తిగా తీసి, ముందువి సగం మందానికి చిత్రిక పట్టించండి. సీటు వెనక్కి కాస్త వాలుతుంది. పిర్రలు దిగుతాయి, తొడలకు ఆసరా పోదు. తల మొత్తం దిగే లెక్క పట్టీ మందం కంటే ఎక్కువ, ఎందుకంటే వీపు కూడా వాలుతుంది కదా. మీ 38 అంగుళాల మొండేనికి వీపు ఇంకో ఐదు డిగ్రీలు వాలితేనే ముప్పావు అంగుళం పైన దిగుతుంది. ఒకే సీటు కింది రెండు రన్నర్లూ మాత్రం ఒకే వాలులో ఉండాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటే సీటు జరగకుండా పట్టేస్తుంది. మలిచిన ముక్క రన్నరు పొడుగునా ఆనేట్టు ఏటవాలుగా చేయించండి, వాషర్లు దొంతరగా పేర్చి వదిలేయొద్దు.

చీమకుర్తిరాయి (చీమకుర్తి)

ఏ చెక్క వాడాలన్నా? మా ఊళ్లో రాయైతే ఎంత మందం కావాలన్నా కోసిస్తాం.

కావలికార్బ్ (కావలి)

రాయి మీ దగ్గరే ఉంచండి సామీ. పాత టేకు ముక్క చాలు, పాత తలుపు చట్రంలోంచి కోసింది అయితే ఇంకా మంచిది, ఇక కుంగదు. సరుగుడు వద్దు, బోల్టు రంధ్రం దగ్గర చీలుతుంది. రెండు పూతలు వార్నిష్ వేయండి, రంధ్రం లోపల కూడా.

కుషన్‌కందుకూరు (కందుకూరు)

నేను సీట్లు కుట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి ఫోమ్ గురించి నన్ను చెప్పనీండి. చెక్కల కంటే ఎక్కువ ఎత్తు మీకు ఫోమ్‌లోనే దాగి ఉంది.

సీటు తిరగేసి చూడండి. ఆ కాలం ఎంజీబీల్లో ఫోమ్ కింద పెద్ద రబ్బరు పలక ఒకటి కొక్కేలతో ఫ్రేముకు లాగి కట్టి ఉంటుంది. మనిషి కూర్చుంటే అది సాగి కిందికి దిగాలి. ఇన్నేళ్లకు అది ఎండిపోయి ఉంటుంది. మా దగ్గరికి పాత సీట్లు వస్తే చాలామంది కుట్టేవాళ్లు ఏం చేస్తారంటే, ఆ రబ్బరు తీసి అవతల పారేసి ప్లైవుడ్ ముక్క పెట్టి పైన మందంగా ఫోమ్ వేస్తారు. పనయిపోయినట్టు కనిపిస్తుంది. కానీ దిగాల్సిన సీటు దిగదు, గట్టి ఫోమ్ కాబట్టి నలగదు కూడా. మీరు ఇంకాస్త పైకి లేచింది అక్కడే అయ్యుంటుంది.

ప్లైవుడ్ ఉంటే తీసేయించండి. రబ్బరు పలక బయటినుంచి తెప్పించుకోవచ్చు, దొరుకుతుంది. ఆగలేమంటే రబ్బరు వెబ్బింగ్ పట్టీలు వాడండి, సోఫాల వాళ్ల దగ్గర ఉంటాయి. అవీ దొరక్కపోతే నైలాన్ నవారు. మంచానికి అల్లినట్టే నిలువూ అడ్డం అల్లాలి. నవారు సాగదు కాబట్టి మొదటే కాస్త వదులుగా, మధ్యలో రెండు వేళ్లు లోతు ఉండేట్టు కట్టాలి. నూలు నవారు వద్దు, చెమటకీ వానకీ కుళ్లిపోతుంది, మీది పైన గుడ్డ టాపే ఉన్న బండి.

ఫోమ్ కోసేటప్పుడు పైనుంచి కోయకూడదు. పై ఆకారం అట్టే ఉంచి, తిరగేసి అడుగు నుంచి తీయాలి. పిర్రల ఎముకలు ఆనేచోట మధ్యలో తీయండి, పక్కల గట్లు, మోకాలి వైపు అంచు అలాగే వదిలేయండి. ఫ్రేము లేకుండా హాక్సా బ్లేడు ఒక్కటే పట్టుకుని కోస్తే చక్కగా వస్తుంది. కోసినచోట అంచు మెట్టులా ఉండకుండా ఏటవాలుగా దిగాలి, లేకపోతే గంటసేపు కూర్చున్నాక ఆ మెట్టు తొడలో గుచ్చుతుంది. కనీసం అంగుళంన్నర ఫోమ్ మిగలాలి. మెత్తటి స్పాంజి వద్దు, 40 డెన్సిటీ పీయూ ఫోమ్ అడగండి.

రెగ్జిన్ నల్లదే వేసినట్టున్నారు. మే నెలలో టాపు తీసి ఎండలో పెడితే కూర్చోలేరు. తర్వాతెప్పుడైనా మధ్య భాగం గుడ్డతో కుట్టించుకోండి.

స్పానర్‌సెట్ (సింగరాయకొండ)

ఇదంతా సరేగానీ స్టీరింగు చిన్నది వేస్తే సగం బాధ తీరుతుంది కదా. 14 అంగుళాలది వేసెయ్.

హెరాల్డ్‌తాత (ఒంగోలు)

తీరేది సగం కాదబ్బాయ్. ఒరిజినల్ 15న్నర అనుకో. 14 వేస్తే వ్యాసంలో తగ్గింది అంగుళంన్నర, కింది అంచు దగ్గర నీకు మిగిలేది ముప్పావే. దానికి బదులు పవర్ స్టీరింగు లేని బండిని చిన్న చక్రంతో తిప్పాలి. హైవే మీద హాయిగానే ఉంటుంది. ట్రంకు రోడ్డులో బండి పార్కు చేసేటప్పుడు భుజాలు చెప్తాయి కథ. సీటు దింపాక కూడా తొడ తగిలితే అప్పుడు ఆలోచించుకో. సీటు దిగితే తొడ కూడా దిగుతుంది కదా.

స్పానర్‌సెట్ (సింగరాయకొండ)

నేను జిమ్‌కి పోతాను తాతగారూ, భుజాల సంగతి నాకొదిలేయండి.

ఉలవపాడుబంగినపల్లి (ఉలవపాడు)

నాది రివర్సు కేసు. 5 అడుగుల 1 అంగుళం, మా ఇంట్లో ప్రీమియర్ పద్మిని. మీ నాన్నగారి గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి చెబుతున్నాను. సీటు దించేశాక ఆయన కోసం దిండు వేస్తారు, అంతే కదా. ఊరికే వేసిన దిండు బ్రేకు కొట్టగానే మనిషితో సహా ముందుకు జారుతుంది, నేను పడ్డాను ఆ పాట్లు. గట్టి ఫోమ్‌తో ఏటవాలు కుషన్ కుట్టించి, వెనకనుంచి సీటు వీపు సందులోకి దూర్చే పట్టీ ఒకటి, కింద జారకుండా రబ్బరు మ్యాట్ ముక్క ఒకటి పెట్టించండి. ఆయనకు ఎత్తే కాదు, పెడల్స్ అందడానికి వీపు వెనక కూడా ఒకటి కావాలి.

సీటు బెల్టు కూడా చూసుకోండి. సీటు దించితే బెల్టు పొట్ట మీదికి జరుగుతుంది, కుషన్ వేస్తే ఇంకోలా కూర్చుంటుంది. ఇద్దరికీ నడుము ఎముక మీదే ఉందో లేదో కూర్చోబెట్టి చూడండి.

పెన్నాగట్టు (నెల్లూరు)

పని మొదలైంది. ఫొటోలు కింద పెట్టాను.

నిన్న నూనె కొట్టి ఉంచితే పొద్దున మూడు బోల్టులు మాట విన్నాయి. నాలుగోది, టన్నెల్ వైపు వెనకది, వేడి చేస్తేగానీ కదల్లేదు. వేడి చేసేముందు బ్యాటరీ కనెక్షన్ తీసి, కార్పెట్ మొత్తం బయటేశాం. సీటు పైకి లేపితే కింద ఇసుక, పాత అగ్గిపెట్టె, తమిళ పేపరు ముక్క. చెక్క పట్టీలు నల్లగా ఉబ్బి ఉన్నాయి, ముందుదాంట్లో బోల్టు రంధ్రం పక్కన పగులు. ఎంత ఉబ్బాయంటే ఒకే పట్టీ రెండు చివర్లూ ఒకే కొలత రాలేదు. సీటు జరిపేటప్పుడు మధ్యలో పట్టేసేది అందుకేనేమో.

కందుకూరు అన్న అన్నట్టే సీటు అడుగున ప్లైవుడ్ ఉంది! దాని కింద రబ్బరు పలక సగం ఇంకా కొక్కేలకు వేలాడుతోంది. వేలితో నొక్కితే అప్పడంలా విరిగి చేతికొచ్చింది.

ఫ్లోరు మాత్రం గట్టిగా ఉంది, సుత్తి పిడితో కొట్టి చూశాం. రెడ్ ఆక్సైడ్ పూత వేశాను. టేకు ముక్కలు మా వీధి వడ్రంగి చేసిస్తానన్నాడు.

కావలికార్బ్ (కావలి)

వెనక బోల్టు దగ్గర రెడ్ ఆక్సైడ్ ఒకటే చాలదు, పైన పెయింటు కూడా వేయండి. కార్పెట్ కింద తడి ఉండిపోతుంది. వానల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అదే గొడవ.

పెన్నాగట్టు (నెల్లూరు)

బిగించేశాం. వెనక చెక్క లేదు, ముందు పావు అంగుళం చిల్లర ఏటవాలు ముక్క. రబ్బరు పలక ఆర్డరు పెట్టాను, అది వచ్చేదాకా నైలాన్ నవారు అల్లించాను. ఫోమ్ అడుగు నుంచి గుల్ల చేయించాం. ఇంట్లో నేల మీద గోడకి గీసినట్టే గరాజు గోడ మీద కంటి ఎత్తు గీత ముందొకటి తర్వాతొకటి గీశాం. తేడా అంగుళంన్నర పైనే.

ఇప్పుడు ముందద్దం ఫ్రేముకీ నా కంటి చూపుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉంది. అద్దం మధ్యలో నిలువు కడ్డీకి ఉండే వెనకచూపు అద్దాన్ని కూడా కిందికి జార్చాల్సి వచ్చింది, లేకపోతే ఆకాశం కనిపిస్తోంది. మద్రాసు బస్టాండు దగ్గర సిగ్నల్ మెడ కదపకుండా చూశాను. స్టీరింగు మార్చలేదు. చెప్పులు కాకుండా పలచటి అడుగున్న బూట్లు వేసుకుంటే తొడ తగలట్లేదు. టాపు వేస్తే మాత్రం స్పీడు బ్రేకర్ మీద నెత్తి ఇంకా గుడ్డకు ముద్దు పెడుతోంది. అది నేను భరిస్తాను.

ఒక ఇబ్బంది. సీటు దిగాక జరిపే లివరు చివర కార్పెట్‌ను గీరుతోంది.

కుషన్‌కందుకూరు (కందుకూరు)

లివరు వంచొద్దు. దాని కింద కార్పెట్ అంతమేర కోసి, అంచుకు రెగ్జిన్ పట్టీ కుట్టించండి, లేకపోతే దారాలు లేచి రన్నర్లోకి పోతాయి. నవారు నెలకోసారి చూడండి, వదులైతే మళ్లీ లాగి కట్టాలి.

హెరాల్డ్‌తాత (ఒంగోలు)

నాన్నగారు నడిపారా?

పెన్నాగట్టు (నెల్లూరు)

ఉలవపాడు మేడమ్ చెప్పిన కుషన్ ఇంకా కుట్టించలేదు తాతగారూ. అందుకని ఇప్పటికి తాళం నా దగ్గరే ఉంది, ఆయన మాట్లాడ్డం మానేశాడు. మేడమ్, కుషన్ వెనక మందం ఎంత, ముందు ఎంత పెట్టించారు?

ఉలవపాడుబంగినపల్లి (ఉలవపాడు)

వెనక మూడంగుళాలు, ముందు ఒకటిన్నర. అది నా ఎత్తుకి, పద్మిని సీటుకి. మీ నాన్నగారికి వెనక రెండు చాలొచ్చు. ముందు అట్టపెట్టె మడిచి వేసి, ఆగి ఉన్న బండిలో కూర్చోబెట్టి చూడండి, ఆ తర్వాతే ఫోమ్ కొనండి. కుట్టు కూలీ పెద్దగా ఏం కాదు, ఒక్కపూట పని.

స్పానర్‌సెట్ (సింగరాయకొండ)

ఆ తీసేసిన ప్లైవుడ్ నాకిస్తావా బ్రో? మా స్కూటర్ షెడ్డుకి పనికొస్తుంది.